శాస్త్రజ్ఞపరిషత్తులును జాతీయైక్యమును: జర్మనీ, ఇటలీ దేశముల చరిత్రము

ఐరోపాఖండచరిత్రమునందు పందొమ్మిదవ శతాబ్దము జాతీయైక్యముల శతాబ్దమని ప్రసిద్ధి కెక్కినది. 1861 మార్చి 17వ తేదీన ఇటలీరాజ్యమును, 1871 జనవరి 18వ తేదీన జర్మనుసామ్రాజ్యమును ప్రకటింపఁబడినవి. ఈ రెండు తేదీల వెనుకనున్న కార్యకలాపమును వర్ణించునపుడు చరిత్రకారులు సాధారణముగా కవూరు, బిస్మార్కుల రాజనీతిని, గారిబాల్డీ సాహసమును, సోల్ఫెరీనో, కోనిగ్రాట్జు, సెడాను యుద్ధములను పేర్కొందురు. అది యుక్తమే. సేనలు కదలక సరిహద్దులు మాఱలేదు. కాని యుద్ధము సరిహద్దును చెఱుపఁగలదు గాని, దాని కిరువంకల నున్నవా రొండొరుల నెఱుఁగునట్లు చేయఁజాలదు. ఆ యెఱుక యుద్ధమునకుఁ బూర్వమే కలిగియుండవలెను. అది యెచ్చటఁ గలిగెను, ఎవరివలనఁ గలిగెను అను ప్రశ్నకు పత్రికలు, విశ్వవిద్యాలయములు, వర్తకులు, కవులు, గాయకులు అని పెక్కు సమాధానములు కలవు. వానిలో నంతగాఁ బరిశీలింపఁబడనిది యొకటి యున్నది. అది ప్రకృతిశాస్త్రజ్ఞుల వార్షికసభలు.

వ్యాకరణశాస్త్రమున సమాసము సమర్థములైన పదములకే విధింపఁబడినది. ఆ సామర్థ్యమును మహాభాష్యకారుఁడు రెండువిధములుగా విచారించెను. పదములు తమ తమ యర్థములను విడువకయే యొకదాని నొకటి యపేక్షించుట వ్యపేక్ష. ప్రత్యేకార్థములు లీనమై యొక్క యర్థమునే బోధించుట యేకార్థీభావము. ప్రక్కప్రక్కల నుంచిన మాత్రమున రెండుపదములు సమాసము కానేరవు. రాజ్యములవిషయమునను ఈ భేదము పనికివచ్చును. 1815వ సంవత్సరమున వియన్నాసంధి జర్మనుప్రభుత్వముల ముప్పదితొమ్మిదింటిని ఒక్క సమితిగాఁ జేర్చినది. కాని యది పదముల పట్టికయే గాని సమాసము గాదు. ఒక్కొక్క సంస్థానమునకు సుంకము వేఱు, నాణెము వేఱు, రక్షకభటులు వేఱు. ఇటలీలో సార్డీనియా, తస్కనీ, పార్మా, మోడెనా, లూకా, పోపుగారి రాష్ట్రములు, ఉభయసిసిలీలు అను ప్రభుత్వము లుండఁగా లొంబార్డీ, వెనీషియాలు ఆస్ట్రియాచక్రవర్తి పాలనమున నుండెను. ఇటలీ యనునది భూగోళశాస్త్రమునకుఁ జెందిన పేరు మాత్రమే యని ఆస్ట్రియామంత్రి మెటర్నికు 1847లోఁ గూడ వ్రాయఁగలిగెను. ఇట్టి స్థితియందు వ్యపేక్షను మొదట పుట్టించినవారిలో శాస్త్రజ్ఞులు ముఖ్యులు.

ఓకెను సంకల్పము

ఈ సభలకు మూలము స్విట్జర్లాండు. 1815 అక్టోబరు 6వ తేదీన జెనీవావాసియగు ఔషధశాస్త్రజ్ఞుఁడు హెన్రీ ఆల్బర్టు గోస్సు, తన మోర్నె గ్రామపు తోటలో వివిధమండలముల ప్రకృతిశాస్త్రజ్ఞులను సమకూర్చి యొక పరిషత్తును స్థాపించెను. ఆ సంవత్సరమే జెనీవా స్విట్జర్లాండు సమితిలోఁ జేరినది. ఏఁటేఁట నొక్కొక్క మండలమునందు సభ జరుగవలెనను నియమము ఈ పరిషత్తు విశేషము. రాజధానులలోని రాజపోషితములైన విద్వత్సభలు ఒక్కచోటనే నిలిచియుండునవి. ఇది సంచారపరిషత్తు. పండితుఁడు పరిషత్తును వెదకికొని పోవుటకు మాఱుగాఁ బరిషత్తే పండితుని యూరికి వచ్చును.

ఈ పద్ధతిని జర్మనీకి తెచ్చినవాఁడు లోరెంజు ఓకెను. 1779లో జన్మించిన యీతఁడు యేనా విశ్వవిద్యాలయమున ఆచార్యుఁడు. 1816లో "ఐసిసు" అను పత్రిక నారంభించెను. ప్రకృతిశాస్త్రపత్రికయే యైనను అందు రాజకీయములకుఁ గూడఁ దావుండెను. 1817 అక్టోబరులో జర్మను విద్యార్థులు వార్ట్‌బుర్గు కోటయందు సమావేశమై జాతీయైక్యమును ఘోషింపఁగా ఓకెను తన పత్రికలో దానిని నిర్భయముగాఁ బ్రకటించెను. 1819 మార్చిలో కొట్జెబూ అను నాటకకర్తను ఒక విద్యార్థి హత్యచేసెను. ఆ నెపమున మెటర్నికు కార్ల్స్‌బాడు శాసనములను పుట్టించి పత్రికలను, విశ్వవిద్యాలయములను నిర్బంధములకు లోనుచేసెను. ఆ సంవత్సరమే ఓకెనునకు పత్రికయో, ఉద్యోగమో యొకదానిని విడువుమని ప్రభుత్వము చెప్పెను. పత్రికను విడువనందున నాతఁ డుద్యోగమును గోల్పోయెను. ఐసిసు మాత్రము 1848 వఱకు నడచినది.

ఉద్యోగము పోయిన మూఁడేండ్లకు, 1822 సెప్టెంబరు 18వ తేదీన, ఓకెను పిలుపు ననుసరించి లైప్‌జిగు నగరమున జర్మను ప్రకృతిశాస్త్రజ్ఞ వైద్యపరిషత్తు ప్రథమసభ జరిగెను. వచ్చినవారు కొద్దిమంది. ఆ సభకు వచ్చిన ఆస్ట్రియాదేశస్థుల పేర్లను 1861 వఱకును ప్రకటింప వీలులేకపోయెనని 1877లో మ్యూనికుసభయందు రుడాల్ఫు విర్కో చెప్పినాఁడు. పురుగులను, మొక్కలను, ఎముకలను గుఱించి మాటలాడుటకుఁ బోయినవాని పేరు ముప్పదితొమ్మిదేండ్లు దాఁచవలసివచ్చెననఁగా నాఁటి ప్రభుత్వముల భయ మెట్టిదో యూహింపవచ్చును. ఆ భయము నిర్హేతుకమును గాదు.

పరిషత్తు నియమములు చూచుటకు నిరపాయకరములు. జర్మనీలోని ప్రకృతిశాస్త్రజ్ఞులకును వైద్యులకును పరస్పరపరిచయము కలుగఁజేయుటయే ముఖ్యోద్దేశము. ప్రకృతిశాస్త్రమునందుఁ గాని వైద్యమునందుఁ గాని గ్రంథరచన చేసినవాఁడు సభ్యుఁడు. పట్టమునకై వ్రాసిన వ్యాసము మాత్రము దీనికిఁ జాలదు. సభ్యత్వపత్రము లీయఁబడవు. ఏఁటేఁట సెప్టెంబరు 18వ తేదీన సభ యారంభమగును, స్థలము మాఱుచుండును. పత్రభాండాగారము దక్క పరిషత్తునకు వేఱాస్తి యుండరాదు. అధికారులిద్దరు, వారు నాఁటి సభాస్థలమున నివసించువారై యుండవలెను. ఈ నియమములలో రాజకీయపదమొక్కటియు లేదు. కాని వాని ఫలము రాజకీయమే. ఆస్తి లేదు గావున ప్రభుత్వము జప్తుచేయుటకు వస్తువు లేదు. స్థిరమైన కార్యాలయము లేదు గావున మూసివేయుటకు తలుపు లేదు. సభ్యత్వము గ్రంథకర్తృత్వముచేఁ గలుగునది గావున నే ప్రభువును దానిని ప్రసాదింపలేఁడు, హరింపలేఁడు. సాక్సనీవాఁడు, బవేరియావాఁడు, ప్రష్యావాఁడు అను భేదము నియమములలో నెచ్చటను గానరాదు, జర్మనీ యను నొక్క పేరే కలదు. రాజ్యాంగమున లేని దేశము పరిషత్తు నియమావళియం దున్నది.

లైప్‌జిగు పిమ్మట హల్లే, వుర్జుబుర్గు, ఫ్రాంక్‌ఫర్టు, డ్రెస్డెను, మ్యూనికు నగరములలో సభలు జరిగెను. 1828లో బెర్లిను వంతు వచ్చెను. పారిసునుండి యంతకు ముందటి సంవత్సరమే స్వదేశమునకు మరలివచ్చిన అలెగ్జాండరు హుంబోల్టు దాని కధ్యక్షుఁడు. నాలుగువందలమందికిఁ బైగా వచ్చిరి. ప్రత్యేకశాస్త్రములకు శాఖాసభ లేర్పఱచు పద్ధతి యప్పుడే మొదలయ్యెను. ఈ సభయందు జర్మనీయొక్క జ్ఞానైక్యము ప్రత్యక్షమగుచున్నదను భావమును హుంబోల్టు తన ప్రారంభోపన్యాసమునఁ దెలిపెను. ఆఱేండ్లకు ముందు రహస్యముగా జరిగిన కార్యమునకు ఇప్పుడు ప్రష్యారాజు సన్మానము జేసెను. 1831లో వియన్నాలో జరుగవలసిన సభ కలరావలన నాఁగి, 1832లో మెటర్నికు నివసించు నాపురమందే జరిగెను. ప్రభువులు పరిషత్తును నిషేధించుట మాని తమ నగరమునకుఁ బిలుచుటకుఁ బోటీపడిరి. సంస్థానములు పెక్కుగా నుండుట ఐక్యమున కెంత యడ్డమో, ఈ సభలకు నంత సహాయమయ్యెను. ఒక్కటే రాజధాని యున్నచో అచ్చటి ప్రభువు కాదన్ననాఁడు పరిషత్తునకు గతిలేకపోవును.

శబ్దశాస్త్రజ్ఞుల సభలు

ప్రకృతిశాస్త్రజ్ఞుల మార్గమును ఇతరశాస్త్రజ్ఞులును అనుసరించిరి. 1837లో హానోవరురాజు ఎర్నెస్టు ఆగస్టసు రాజ్యాంగమును రద్దుచేయఁగా గోటింజెను విశ్వవిద్యాలయమునఁ గల యేడ్గురాచార్యులు తమ ప్రమాణమును భంగపఱుపమని నిరసించి పదభ్రష్టులైరి. వారిలో భౌతికశాస్త్రజ్ఞుఁడు విల్‌హెల్ము వెబరును, వైయాకరణుఁడు యాకోబు గ్రిమ్మును, ఆతని సోదరుఁడు విల్‌హెల్మును ఉండిరి. అందు యాకోబు గ్రిమ్ము దేశమునుండియే వెడలఁగొట్టఁబడెను. 1819లో తన జర్మను వ్యాకరణపు మొదటిభాగమును ప్రకటించిన యీ వైయాకరణునకు దేశమన నేమి యనుప్రశ్న వట్టి పాండిత్యచర్చ గాదు. 1846లో ఫ్రాంక్‌ఫర్టునందు జర్మనుభాషను, ధర్మశాస్త్రమును, చరిత్రమును శోధించు పండితులు సభజేసి యాతనినే యధ్యక్షునిగాఁ జేసికొనిరి. డెన్మార్కుతో వివాదమందున్న ష్లెస్విగు, హోల్‌స్టైనుల విషయ మందుఁ జర్చింపఁబడెను. రెండేండ్లకు, 1848 మే 18వ తేదీన, ఆ నగరమందే జర్మను జాతీయశాసనసభ సమావేశమయ్యెను. గ్రిమ్ము అందును సభ్యుఁడే.

భాషయొక్క యెల్లలే జాతియొక్క యెల్లలనువాదము ఇట్టి సభలనుండి బలము పొందెను. ఇది ఐక్యమునకుఁ దోడ్పడిన వాదమే. కాని రెండుభాషలు కలసియున్న సీమలలో నిదియే కలహబీజము. శబ్దశాస్త్రము శబ్దముల సాధుత్వమును నిర్ణయింపఁగలదు. భూమి యెవరిదో నిర్ణయింపఁజాలదు. ఈ హద్దును నాఁటి పండితు లెల్లపుడును బాటింపలేదు.

పీసానుండి వెనిసు వఱకు

ఇటలీలో ఈ యుద్యమమునకుఁ బ్రవర్తకుఁడు కార్లో లుచియానో బోనపార్టె. నెపోలియను తమ్ముని కుమారుఁడగు నీతఁడు కానీనో ప్రభువు, పక్షిశాస్త్రమున లోకప్రసిద్ధుఁడు. జర్మనుసభలను జూచి యట్టివానిని తన దేశమున నెలకొల్పఁదలఁచెను. 1839 మార్చి 28వ తేదీన నొక యాహ్వానపత్రము వెలువడెను. బోనపార్టెతోఁ గూడ అంటినోరి, సూక్ష్మదర్శకనిర్మాతయగు అమీచి, జోర్జీని, ప్రకృతిశాస్త్రజ్ఞుఁడు సావి, వైద్యుఁడు బుఫలీని దానిపై సంతకముచేసిరి. తస్కనీప్రభువు రెండవ లియోపోల్డు అనుమతి నిచ్చెను. అక్టోబరు 1వ తేదీనుండి పదునేను దినములు పీసాలో సభ జరిగెను. 421 మంది పేర్లు నమోదయ్యెను. గణిత భౌతిక రసాయనములు, భూగర్భ భూగోళములు, వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, వైద్యము, కృషి శిల్పములు అని యాఱు శాఖ లేర్పడెను.

పీసా గెలిలియో జన్మస్థానము. ఆ సభాసందర్భముననే అచ్చటి విశ్వవిద్యాలయమున గెలిలియో విగ్రహము ప్రతిష్ఠింపఁబడెను. 1841లో ఫ్లారెన్సుసభకై తస్కనీప్రభువు గెలిలియో మందిరమును నిర్మింపించెను. 1846లో జెనోవాసభాసమయమునఁ గొలంబసు స్మారకమునకు శంకుస్థాపన జరిగెను. ఇవి వట్టి యలంకారములు గావు. విచ్ఛిన్నమైన జాతికి ఉమ్మడిరాజు లేఁడు, ఉమ్మడిసేన లేదు. ఉమ్మడిపూర్వులు మాత్రమే కలరు. ఇటలీకి రోమకచక్రవర్తులు పూర్వులే గాని వారిపేరు చెప్పిన నాస్ట్రియా శంకించును. గెలిలియో పేరుచెప్పిన నే ప్రభువును పైకి నిషేధింపలేఁడు. కాని 1633లో గెలిలియోను రోమునందు విచారించి దండించిన ధర్మాసనము ఎవ్వరిదో యెల్లవారికిఁ దెలిసినదే. నాఁటి పోపు పదునాఱవ గ్రెగొరీ తన ప్రజలను ఈ సభలకుఁ బోనీయలేదు. తన రాష్ట్రములలో రైలుమార్గములకును అనుమతి నీయలేదు.

1840లో టూరిను, 1841లో ఫ్లారెన్సు, 1842లో పాడువా, 1843లో లూకా, 1844లో మిలాను, 1845లో నేపిల్సు, 1846లో జెనోవా, 1847లో వెనిసు సభాస్థానము లయ్యెను. ఈ క్రమమును పరికించిన దేశపటము కనులకుఁ గట్టును. తొమ్మిదేండ్లలో ఉత్తరమునుండి దక్షిణము వఱకు తస్కనీ, సార్డీనియా, లూకా, ఉభయసిసిలీ రాజ్యములను, ఆస్ట్రియాకు లోఁబడిన సీమలను పరిషత్తు సందర్శించినది. పోపుగారి రాష్ట్రములు మాత్రము మిగిలెను. నేపిల్సునకు పదాఱువందలమందికిఁ బైగా వచ్చిరి. ప్రతిసభకును కార్యవివరణగ్రంథము ముద్రింపఁబడెను. చర్చలెల్ల ఇటాలియనుభాషయందు జరిగెను. టూరినులోఁ బ్రభువర్గము ఫ్రెంచి మాటలాడుచు, నేపిల్సు, వెనిసు, మిలానులలో జనులు తమ తమ మాండలికములనే వ్యవహరించుచున్న కాలమున, ఒక్క వాఙ్మయభాషలో కొలఁతలను గుఱించియు, పట్టుపురుగులను గుఱించియు, రైలుమార్గములను గుఱించియు, శిశుపాఠశాలలను గుఱించియు వాదించుట యపూర్వమైన యనుభవము. కావ్యమునకే పరిమితమైన భాష వ్యవహారమునకు దిగినది.

ఆ చర్చలలో నెన్నియో యైక్యమును బలవంతముగా స్మరింపఁజేయునవి. సంస్థానమున కొకవిధమగు కొలఁత యున్నంతకాలము ఒకచోటి వర్షపాతమును, పంటను వేఱొకచోటివానితోఁ బోల్చి చూడ వీలుగాదు. రైలుమార్గము టూరినునుండి వెనిసునకుఁ బోవలెనన్న ఎన్ని ప్రభుత్వముల యనుమతి కావలెను? ఇట్టి ప్రశ్న నడిగినవాఁడు రాజద్రోహి గాఁడు, ఇంజనీరు. సమాధానము మాత్రము రాజ్యముల స్వరూపమునే ప్రశ్నించును. 1846లో ఇటలీ రైలుమార్గములను గుఱించి కవూరు వ్రాసిన వ్యాసమున నీ భావమే స్పష్టముగాఁ బ్రకటితమైనది.

టూరినుసభకు ఇంగ్లండునుండి చార్లెసు బాబేజి వచ్చెను. ఈతఁడు 1828 బెర్లినుసభను జూచి దాని వృత్తాంతమును ఇంగ్లీషున వ్రాసినవాఁడే. టూరినులో నాతఁడు తన గణనయంత్రపు యోచనను వివరించెను. దానినిగూర్చి సైనికయంత్రశాస్త్రజ్ఞుఁడు లుయీజి మెనబ్రేయా 1842లోఁ బ్రకటించిన వ్యాసము అడా లవ్‌లేసు యనువాదముచేతను, వ్యాఖ్యచేతను నేఁటికిని గణనయంత్రచరిత్రలోఁ బేరుగాంచినది. ఆ మెనబ్రేయాయే 1867లో ఏకీకృతమైన ఇటలీకి ప్రధానమంత్రి యయ్యెను.

పరీక్షాకాలము

1846 జూనులో గ్రెగొరీపోపు మరణించి తొమ్మిదవ పయసు వచ్చెను. ఆతని సంస్కరణములవలన దేశమంతటను ఆశలు పెచ్చుపెరిగెను. 1847 సెప్టెంబరులో వెనిసుసభకు బోనపార్టె రోముపౌరరక్షకదళపు దుస్తులతో వచ్చి, బహిరంగముగా నుత్సాహమును బ్రకటించెను. ఆస్ట్రియాప్రభుత్వ మాతనిని నగరమునుండి వెడలఁగొట్టెను. ఆ సభలో వెనిసు న్యాయవాది దానియేలె మానిను పాల్గొనెను. 1848 జనవరిలో నాతఁడు చెఱసాలలో నుంచఁబడెను. మార్చి 17వ తేదీన జనులు విడిపించిరి, 22వ తేదీన వెనిసు ప్రజాప్రభుత్వము ప్రకటింపఁబడెను. అదే మార్చినెలలో మిలానునగర మైదుదినములు పోరాడి ఆస్ట్రియాసేనను వెడలఁగొట్టినపుడు యుద్ధపరిషత్తునకు నాయకుఁడైన కార్లో కత్తానేయో, 1844 మిలానుసభకై లొంబార్డీ ప్రకృతి నాగరకతలను వివరించు గ్రంథమును గూర్చినవాఁడు.

1848 మే 29వ తేదీన కుర్తతోనే, మొంతనారల యొద్ద ఆస్ట్రియాసేనతో తస్కనీ, నేపిల్సు దళములు పోరాడెను. పీసా, సియెనా విశ్వవిద్యాలయముల యాచార్యులును విద్యార్థులును ఒక దళముగా నేర్పడి యందుఁ జేరిరి. దాని నాయకుఁడు గణితభౌతికశాస్త్రజ్ఞుఁడు మొస్సోత్తి. ఆ పోరులో భూగర్భశాస్త్రాచార్యుఁడు లియోపోల్డో పిల్లా నిహతుఁడయ్యెను. అగ్నిపర్వతములను శోధించిన యీతఁడు 1805లో నేపిల్సురాజ్యమందలి వెనాఫ్రోలోఁ బుట్టి, తస్కనీయందలి పీసాలో నాచార్యుఁడై, లొంబార్డీమైదానమునఁ బ్రాణములు విడిచెను. మూఁడు ప్రభుత్వముల భూములు ఆతని జీవితమున నొక్క దేశమైనవి. శాస్త్రజ్ఞసభలు పుట్టించిన వ్యపేక్ష యెంతదూరము పోయెనో ఈ యొక్క మరణము చూపుచున్నది.

అయినను 1848, 49 సంవత్సరముల యుద్యమములు విఫలమైనవి. పోపుగారి రాష్ట్రమందలి బొలోన్యాలో జరుగవలసిన పదియవసభ జరుగలేదు. బోనపార్టె రోముప్రజాప్రభుత్వపు శాసనసభ కుపాధ్యక్షుఁడై, యది కూలినపిమ్మట దేశాంతరగతుఁడయ్యెను. వెసూవియసు పర్వతముపై 1845 సభాసమయమున నారంభింపఁబడిన పరిశోధనాలయమునకు అధిపతియగు మెల్లోని, స్వతంత్రభావములు కలవాఁడను శంకచే నుద్యోగము గోల్పోయి 1854లో కలరాచే మరణించెను. నేపిల్సురాజు 1845లో స్వయముగా నారంభించిన సభ యొక యలంకారమని తలఁచెను, మూఁడేండ్లకు భ్రమ తీరెను. ప్రభువుల ప్రోత్సాహము శాస్త్రమునకు వచ్చునంతలోనే పోవునని యీ వృత్తాంతము చాటుచున్నది.

ఐక్యము తరువాత

ఇటలీ 1861లో రాజ్యమైన పిదప 1862లో సియెనాలో పదియవసభ జరిగెను. 1873లో రోమున పదునొకండవది, 1875లో పలెర్మోలోఁ బండ్రెండవది జరిగెను. ఈ సభలకుఁ బూర్వపు తేజస్సు లేదు. దేశమంతయు నొక్కచోఁ జేరుట యపూర్వమైన కాలమున శాస్త్రసభయే శాసనసభవలె నుండెను. నిజమైన శాసనసభ యేర్పడఁగానే ఆ పని తీరినది. మఱియు ఐక్యము వచ్చినపుడు ఇటలీజనులలో నూటికి డెబ్బదిమందికిఁ బైగా చదువెఱుఁగనివారు. పీసా, నేపిల్సులలో వాదించినవారు ఆచార్యులు, ప్రభువులు, వైద్యులు, ఇంజనీర్లు. వారి వ్యపేక్ష రైతునకుఁ జేరలేదు. దక్షిణదేశమున 1861 తరువాతఁ జెలరేఁగిన యలజడికిఁ గారణములలో నిదియు నొకటి. సమాసము సిద్ధించినది గాని యందలి పదములన్నియు సమర్థములు కాలేదు. కత్తానేయో కోరినది సమాఖ్యరాజ్యము. వచ్చినది ఏకకేంద్రరాజ్యము. ఆతఁడు రాజభక్తిప్రమాణము చేయనొల్లక శాసనసభలోఁ గూర్చుండలేదు.

జర్మనీలో మఱియొక వైపరీత్యము గలిగెను. 1865లో హానోవరునందు జరిగిన సభలో విర్కో ప్రకృతిశాస్త్రములకును జాతీయాభివృద్ధికిని గల సంబంధమును గుఱించి యుపన్యసించెను. మఱుసటియేఁడే ప్రష్యా హానోవరురాజ్యమును గలుపుకొనెను. ఐక్యము శాస్త్రజ్ఞులు కోరినదే, వచ్చినత్రోవ మాత్రము వారు కోరినది గాదు. విర్కో బిస్మార్కునకుఁ బ్రతిపక్షి, 1865లో బిస్మార్కు ఆతనిని ద్వంద్వయుద్ధమునకుఁ బిలిచినాఁడు. అయినను 1871లో రోస్టాకుసభయందు విర్కో నూతనజాతీయజీవనమునఁ బ్రకృతిశాస్త్రముల కర్తవ్యమును గుఱించి మాటలాడెను. మఱియు పరిషత్తు ఆస్ట్రియానగరములైన వియన్నా, ప్రాగు, గ్రాట్జు, ఇన్స్‌బ్రుకులను దనవిగా నెంచెను. 1871 సామ్రాజ్యము వానిని వెలిఁబెట్టినది. ఐనను 1875లో పరిషత్తు మరల గ్రాట్జునకుఁ బోయెను. రాజ్యపు హద్దులు జ్ఞానపు హద్దులతో సరిపోలవలెనను నియమము లేదని పరిషత్తు తన సంచారముచేతనే చెప్పినట్లయ్యెను.

శాస్త్రము జాతిసేవకుఁ బూనినపుడు కలుగు ప్రమాదమునకును, దానికి శాస్త్రమే చెప్పఁదగిన సమాధానమునకును ఒకే యుదాహరణము చాలును. 1869 ఇన్స్‌బ్రుకుసభలోఁ గలిగిన సంకల్పమునుండి 1870లో జర్మను మానవశాస్త్రపరిషత్తు పుట్టెను. 1871లో ఫ్రెంచిపండితుఁడు కాట్రిఫాజు, ప్రష్యనులు జర్మనుజాతివారే కారని వ్రాసెను. ఇట్టి వాదములను పరీక్షించుటకై విర్కో బడిపిల్లల కనుల, వెండ్రుకల, చర్మముల వర్ణమును జర్మనీయంతటను లెక్కింపించెను. అఱువదియేడులక్షలకుఁ బైఁబడిన పిల్లలలో బంగరువన్నె వెండ్రుకలు, నీలికనులు, తెల్లనిచర్మము కలవారు మూఁడవవంతునకుఁ దక్కువ. యూదులపిల్లలలోఁ గూడ నట్టివారు నూటికిఁ బదునొకండుగురు కలరు. జర్మనుజాతియనఁగా నొక్క శుద్ధవర్ణము గాదని 1886లోఁ బ్రకటింపఁబడిన ఫలితము ఋజువుచేసెను. కాని యూదులపిల్లలను వేఱుగా లెక్కించుటయే యొక విభాగమును బడిపిల్లల మనస్సులలో నాటెను. ఫలితమును మఱచి విభాగమును మాత్రమే జ్ఞాపకముంచుకొన్నవారు తరువాత జేసిన ఘోరము ఇరువదవ శతాబ్దపు చరిత్రము. సత్యమును జెప్పుట మాత్రమే చాలదు, ప్రశ్న నడుగువిధముననే ధర్మాధర్మములు గర్భితములై యుండును.

పరంపర

ఈ సంచారపరిషత్తుల వంశవృక్షము భారతదేశము వఱకు వచ్చినది. బాబేజి వ్రాసిన బెర్లినుసభావృత్తాంతము ప్రేరకముగా 1831లో యార్కునగరమున బ్రిటిషుశాస్త్రపరిషత్తు వెలసెను. దానిని మాతృకగాఁ జేసికొని సైమన్సెను, మెక్‌మాహను అను నిరువురు రసాయనశాస్త్రజ్ఞుల ప్రయత్నమున 1914 జనవరిలో కలకత్తాలో ఆశుతోష ముఖర్జీ యధ్యక్షతను భారతశాస్త్రజ్ఞమహాసభ ప్రథమముగా సమావేశమయ్యెను. ఇదియు నగరమునుండి నగరమునకుఁ బోవునదే. 1937లో నైజాముపాలనమం దున్న హైదరాబాదునందు ఈ సభ జరిగెను. చెఱకువంగడముల సృష్టిచేఁ బ్రసిద్ధుఁడైన టి. యస్. వెంకటరామన్ దాని కధ్యక్షుఁడు. బ్రిటిషుపాలితమా, సంస్థానమా యను భేదము చెఱకుపైరునకు లేనట్లే యా సభకును లేదు. హైదరాబాదు భారతదేశమునఁ జేరుటకు 1948 వఱకు పట్టెను. లైప్‌జిగు నియమావళిలోని పద్ధతి యిచ్చటను బనిచేసినది.

నిర్ణయము

కావున శాస్త్రజ్ఞపరిషత్తులే జర్మనీని, ఇటలీని ఐక్యపఱచినవనుట యతిశయోక్తి. అవి లేకున్నను ఐక్యము వచ్చియుండెడిదనుటయు నిష్కారణము. వానివలన స్పష్టముగా సిద్ధించినవి మూఁడు. ఒకటి, పోలీసుల యనుమానముల నడుమ నిరపాయముగాఁ గలియుటకు తావు. రెండు, ప్రభుత్వము లేని దేశమునకు పేరు, భాష, ఉమ్మడిలెక్క. మూఁడు, అభిప్రాయభేదమును ప్రమాణములతో వాదించి, సంఖ్యలతోఁ దేల్చుకొని, మరల మఱుసటియేఁడు కలియు నలవాటు. ఈ మూఁడవది మిక్కిలి విలువగలది. రాజ్యములు మొదటి రెండింటిని త్వరగా వశపఱచుకొనెను. మూఁడవదానిని నేర్చినంత మేర నాజాతులు బాగుపడెను, మఱచినంత మేరఁ జెడెను.

ఓకెను 1851లో స్వదేశమునకు వెలుపల జూరికునగరమున మరణించెను. జర్మనుసామ్రాజ్యమును ఆతఁడు చూడలేదు. ఆతఁడు వ్రాసిన నియమములలో ఆస్తి యుండరాదనునది తరువాతి కాలమున సడలిపోయినది. పరస్పరపరిచయమే ముఖ్యోద్దేశ మనునది మాత్రము నిలిచినది. వ్యపేక్ష లేక యేకార్థీభావమును బలాత్కారముగా సాధించినచోట సమాసము దుష్టమగును. ఈ విషయమున వైయాకరణుల సిద్ధాంతమును, రెండు దేశముల చరిత్రమును ఏకవాక్యతను బొందుచున్నవి.